అడుగు లోతు వరకే

మట్టిలో పురుగుల్ని లెక్కపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనా అని పురుగులక్కను మొదటిసారి చూసినవాళ్ళందరూ అడుగుతారు. ఉద్యోగమే. హాజరుపట్టీ ఉంది, సెలవుచీటీ ఉంది, పైన ఒక మేడమ్ కూడా ఉంది. ఇరవై రెండేళ్ళుగా అదే పని చేస్తోంది కాబట్టి మట్టి పరీక్షల ఆఫీసులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఎదురుగా అక్కా అంటారు, వెనక పురుగులక్క అంటారు. ఆమెకు రెండూ సమ్మతమే.

పని చెప్పుకోవడానికి చాలా తేలిక. అరచేతి వెడల్పున్న ఇనప గొట్టాన్ని సుత్తితో జానెడు లోతుకు దించి, మట్టిని దిమ్మలాగా పైకి తీస్తారు. ఆ దిమ్మను తెచ్చి జల్లెడ అమర్చిన గరాటులో పెడతారు. పైన చిన్న బల్బు వేలాడుతుంది, కింద స్పిరిట్ సీసా ఉంటుంది. బల్బు వేడికి మట్టి పైనుంచి మెల్లగా ఆరుతుంది. మట్టిలో ఉండే చిన్నాచితకా జీవాలకు వెలుగు గిట్టదు, పొడి అసలే గిట్టదు. తడిని వెతుక్కుంటూ కిందికి, ఇంకా కిందికి దిగి, చివరికి సీసాలో పడి, స్పిరిట్‌లో చచ్చి కుళ్ళకుండా ఉంటాయి. ఏడు రోజులయ్యాక సీసా తీసి భూతద్దం కింద పెట్టి లెక్క రాసుకుంటారు. ఇంతే.

అందులో 'మెల్లగా' అన్న మాట ఒక్కటే అసలు కిటుకు. వేడి ఒక్కసారిగా ఎక్కువైతే ఆ పిచ్చి జీవాలు కిందికి దిగేలోపే మట్టిలో మాడిపోతాయి. సీసా ఖాళీగా మిగులుతుంది. అలాంటి ఖాళీ సీసాను చూపించి, ఈ మట్టి ముందే చచ్చిందా, మీరు చంపారా అని అడిగితే ఎవరూ చెప్పలేరు. పురుగులక్క కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే ఈ మాట చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతుంది. అలాంటి మనిషికే ఇది జరగాలా?

మూడేళ్ళ కిందట ఏటి ఒడ్డున, లోహాలకు పూత పూసే ఒక కార్ఖానా మురికి గుంట గట్టు తెగింది. ఆ విషమంతా కింద ఉన్న పన్నెండు మడుల్లోకి పారింది. కార్ఖానా మూతబడింది, యజమాని చేతులు దులుపుకున్నాడు, మడులు మాత్రం మిగిలాయి. అప్పుడు పెద్దలంతా కూర్చుని ఒక పద్ధతి రాశారు. మూడేళ్ళపాటు మడుల్లో ఏ పంటా వేయకూడదు, మట్టిని బాగుచేసుకోవచ్చు. ఏటా చలి తగ్గే ముందు, నేల ఇంకా తడిగా ఉండగా, ఒక్కో మడిలోంచి నాలుగేసి దిమ్మలు తీసి పురుగుల్ని లెక్కపెట్టాలి. ఎగువన ఉన్న మంచి పొలంలో దిమ్మకు తొంభై దాకా వస్తాయి. మూడో ఏట కూడా ముప్ఫై దాటని మడి చచ్చిన మడి కింద లెక్క. దాని మట్టిని అడుగున్నర లోతున గీకి లారీల్లో ఎత్తుకుపోయి, ఆ గుంటలో బంకమన్ను, కంకర నింపేస్తారు. ఆ మడివాళ్ళకు ఇంకెక్కడో చోటు చూపిస్తామని ఒక కాగితం ఇస్తారు.

ఏడో మడి పురుగులక్క తమ్ముడిది.

తోడబుట్టినవాడు, అదీ ఒక్కగానొక్కడు. గట్టు తెగకముందు ఆకుకూరలు పండించేవాడు. తెగిన తర్వాత గోడలకు రంగులు వేసే పనికి పోతూ, సాయంత్రాలు వీధులు ఊడ్చేవాళ్ళ దగ్గర ఎండుటాకుల బస్తాలు అడిగి తెచ్చి మడిలో పరిచేవాడు. మూడేళ్ళూ అదే పని. ఆకులు, కోసిన గడ్డి, మళ్ళీ ఆకులు. మరదలు నవ్వేది. "వదినా, మీ తమ్ముడు నన్ను పెళ్ళిచూపుల్లో కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు. ఆ మట్టిని రోజూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడు," అనేది. ఊళ్ళో ఆకుల పిచ్చోడని పేరు పెట్టారు. మొదటి ఏట ఏడో మడిలో దిమ్మకు నాలుగు పురుగులొచ్చాయి, రెండో ఏట పందొమ్మిది. ఆ పందొమ్మిదిని తమ్ముడు గోడమీద పెన్సిల్‌తో రాసుకున్నాడు.

ఈ చుట్టరికం సంగతి పురుగులక్క ఏమీ దాచలేదు. మొదటి ఏడాదే మేడమ్ దగ్గరికి వెళ్ళి, ఏడో మడి మా తమ్ముడిది, ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి అంది. మేడమ్ ఆమెకన్నా పదేళ్ళు చిన్న. నిదానం, నిజాయితీ ఉన్న మనిషి.

"ఏ దిమ్మ ఏ గరాటులోకి వెళ్ళాలో చీట్లు తీసి పెడతాం కదక్కా. చీట్లకి అక్కాతమ్ముళ్ళు ఏం తెలుస్తారు? నువ్వే చెయ్యి," అంది.

చీట్ల సంగతి కూడా చెప్పాలి. గరాటుల చట్రంలో పన్నెండు వరసలు, వరసకు నాలుగు గరాటులు. అన్ని వరసలూ ఒక్కలా ఉండవు. తలుపు పక్క వరసకు గాలి తగులుతుంది, పై వరస కాస్త ఎక్కువ వేడెక్కుతుంది. అందుకని చీట్లు తీసి, ఒక్కో మడి దిమ్మల్ని నాలుగు చోట్లకు చెదరగొడతారు. అప్పుడు మంచైనా చెడైనా అందరికీ సమానంగా పంపకమవుతుంది. పురుగులక్క రెండేళ్ళూ చీటీ చెప్పినట్టే పెట్టింది.

మూడో ఏట పెట్టలేదు.

ఆ రోజు చట్రం ముందు ఒక్కతే ఉంది. ఏడో మడి దిమ్మలు చీట్ల ప్రకారం ఒకటి తలుపు పక్కకు, ఒకటి పై వరసకు, మిగిలిన రెండూ అటూ ఇటూ వెళ్ళాలి. ఇరవై రెండేళ్ళలో ఆమెకు ఏ గరాటు గుణం ఎలాంటిదో అరచేతిలో గీతల్లా తెలుసు. రెండో వరస గోడవారగా ఉంటుంది. గాలి తగలదు, బల్బులు నిలకడగా వెలుగుతాయి. ఆ వరసలో పెడితే దిమ్మకు రెండు మూడు పురుగులు ఎక్కువే దిగుతాయి. లేనిదాన్ని కల్పించడం లేదు కదా, ఉన్నవాటికి దారి సుగమం చేస్తున్నాను, అంతే కదా అనుకుంది. మనసు చెడ్డది, అడిగినదానికల్లా తలూపుతుంది. నాలుగు దిమ్మల్నీ రెండో వరసలో పెట్టి, చీట్లు మార్చి రాసి, బల్బులు వెలిగించి, చేతులు కడుక్కుని ఇంటికెళ్ళింది.

తర్వాత వరసగా మూడు రోజులు సెలవులు. గరాటుల గదిని ఒకసారి తొంగిచూసే పని అటెండరు బాబాయ్‌ది. ఒక్క పురుగు పేరు తెలియకపోయినా, ఆ గదిని పూజగదిలా చూసుకునే మనిషి. సెలవుల మొదటి రోజే రెండో వరస తీగలో ఏదో తేడా వచ్చి నాలుగు బల్బులూ ఒకేసారి పోయాయి. స్టోరులో చిన్న బల్బులు లేవు. పని ఆగకూడదని బాబాయ్ వరండాలో వేసే పెద్ద బల్బులు తెచ్చి, తనే తీగ సరిచేసి, తనే స్టూలెక్కి బిగించాడు.

నాలుగో రోజు పొద్దున పురుగులక్క తలుపు తీసింది. పదకొండు వరసలు మసక వెలుగులో ఉన్నాయి, రెండోది మాత్రం పెళ్ళిపందిరిలా వెలిగిపోతోంది. దిమ్మ మీద చెయ్యి పెడితే ఇటుక ముట్టుకున్నట్టుంది.

"బల్బులు పోయాయమ్మా. నేనే మార్చా. బాగా వెలుగుతున్నాయి కదూ?" అన్నాడు బాబాయ్ వెనకనుంచి. ఆయన ముఖమంతా సంతోషమే.

అప్పుడే మేడమ్ దగ్గరికి పరుగెత్తి ఉంటే ఏమయ్యేదో. బల్బు సంగతి చెబితే ఏ దిమ్మలున్నాయని చీట్లు తీస్తారు. చీట్లు తీస్తే ఒకే మడి దిమ్మలు నాలుగూ ఒకే వరసలో ఎలా పడ్డాయని అడుగుతారు. ఆమె బజారుకెళ్ళి చిన్న బల్బులు కొనుక్కొచ్చి, పెద్దవి విప్పి, చిన్నవి బిగించింది. ఇంకా మూడు రోజులుందిగా, లోపల్లోపల కొన్ని బతికి ఉండకపోతాయా అనుకుంటూ రోజుకు పదిసార్లు వెళ్ళి సీసాల్లోకి తొంగిచూసింది. ఏడో రోజు మూడు సీసాల్లో ఏమీ లేదు. నాలుగోదాంట్లో ఆవగింజలో పావు వంతు లేని తెల్ల పురుగులు రెండు తేలుతున్నాయి. మిగతా పదకొండు మడుల్లో ఒక్కటీ నలభైకి తగ్గలేదు.

ఏడో మడి ఎదురుగా ఆమె ఉన్నదున్నట్టే రాసింది. దొంగలెక్క రాయడం ఆమెకు చేతకాదు. మార్చిన చీట్లను మాత్రం అలాగే ఉంచింది.

నివేదిక పైకి వెళ్ళింది. మూడు వారాలకు తమ్ముడి ఇంటికి నోటీసు వచ్చింది. వాడు ఆ కాగితం పట్టుకుని తిన్నగా అక్క దగ్గరికే వచ్చాడు.

"పోయినేడు పందొమ్మిదొచ్చాయి కదక్కా. ఈసారి సున్నా అంటే ఎలాగే? పక్క మడిలో యాభై అట. నా మట్టి వాడి మట్టికన్నా నల్లగా ఉంది. నువ్వే చూశావుగా!"

"చూశాన్రా."

"మరి?"

ఆమె నోటీసు మడతపెట్టి వాడికి తిరిగిచ్చింది. తమ్ముడు ఆమె ముఖం చూసి, అక్కకూ బాధగానే ఉందనుకుని, తనే ఆమెను ఓదార్చి వెళ్ళాడు. ఆమె మర్నాడు ఆఫీసు తెరవకముందే మేడమ్ గది ముందు నిలబడి, మేడమ్ రాగానే చీట్లూ, బల్బులూ అన్నీ కక్కేసింది.

మేడమ్ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"చీట్లు మార్చావని రాస్తే పన్నెండు మడుల లెక్కా చెత్తబుట్టలోకి పోతుందక్కా. ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ ఇంకో ఏడాది ఆగాలి. వాళ్ళేం పాపం చేశారు? బల్బు సంగతి ఒక్కటే రాస్తా. మళ్ళీ దిమ్మలు తీయనివ్వమని అడుగుతా."

అడిగింది కూడా. జవాబు వారంలో వచ్చింది. బల్బులు మారాయనడానికి అటెండరు మాట తప్ప రుజువేమిటన్నారు. రుజువుల్ని పురుగులక్కే తన చేతులతో విప్పి పారేసింది. నేల ఎండిపోయింది కాబట్టి పద్ధతి ప్రకారం ఇప్పుడు దిమ్మలు తీయకూడదన్నారు, అదీ నిజమే. మళ్ళీ తడిసేదాకా ఆగుదామంటే, వానలు పడితే ఏడో మడి విషం మా మడుల్లోకి వస్తుందని పదకొండు ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. ఒక్కొక్కళ్ళ మాట విడిగా వింటే అందరిదీ న్యాయంగానే ఉంటుంది, అదే కదా చిక్కు.

పద్ధతి పుస్తకంలో ఒక్క సందు దొరికింది. గట్టు తెగిన ఏడాది పన్నెండు మడుల్లోనూ వానపాము అన్నది లేకుండా పోయింది. అందుకని చివరి పేజీలో ఒక మాట రాశారు: ఏ మడిలోనైనా అడుగు వెడల్పు, అడుగు లోతు గుంటలో ఐదు వానపాములు ప్రాణంతో కనబడితే, గరాటు లెక్కతో పనిలేదు, ఆ మడి బతికినట్టే. దీనికి తడి నేలే కావాలన్న షరతు లేదు. ఎండల్లో వానపాముల కోసం వెతికే తెలివితక్కువవాళ్ళు ఉంటారని బహుశా రాసినవాళ్ళు అనుకుని ఉండరు.

"ఐదు కనబడితే నేను ఆ మట్టి గీకే మిషన్ని ఆపిస్తా. రేపే వెళదాం," అంది మేడమ్.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ మడిలో ఉన్నారు. తమ్ముడు అప్పటికే నాలుగు క్యాన్ల నీళ్ళు మోసుకొచ్చి పెట్టాడు. పురుగులక్క నేలలో పాతి ఉన్న బొత్తాంలాంటి చిన్న యంత్రాన్ని తీసి లెక్క చూసింది. గంట గంటకూ మట్టి వేడిని రాసుకునే యంత్రం అది. నెల రోజులుగా మధ్యాహ్నం పూట నలభై దాటుతోంది. తేమ చూసే ముల్లును గుచ్చబోతే సగానికి కూడా దిగలేదు.

ఆవపిండిని నీళ్ళలో కలిపి, గీత గీసిన అడుగు చదరంలో మెల్లగా పోశారు. ఆవ ఘాటుకు ఒళ్ళు మండి వానపాములు పైకొస్తాయి. తడి నేలలో ఐతే ఐదు నిమిషాలు పట్టదు. ఇక్కడ నీళ్ళు పగుళ్ళలోకి గుటకలు వేసినట్టు పోయాయి. ముగ్గురూ మోకాళ్ళ మీద కూర్చుని చూశారు. పావుగంట, అరగంట. ఒక చీమ వచ్చి తడిని చూసి వెనక్కి తిరిగింది.

"ఈ ఎండకి మనమే ఇంట్లో దూరుతున్నాం, అవి పైకొస్తాయా?" అన్నాడు తమ్ముడు నవ్వబోతూ.

తర్వాత గునపంతో తవ్వారు. పెళ్ళలు పెళ్ళలుగా లేచిన మట్టిని తెల్ల గుడ్డ మీద పోసి, పురుగులక్క చేతివేళ్ళతో ఒక్కొక్క పెళ్ళనూ నలిపింది. కుళ్ళిన ఆకుల ఈనెలు, నల్లటి పొడి, వానపాములు తిని వదిలిన గుళికల్లాంటి మట్టి. అవి చూడగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఉన్నాయి, లేకపోతే ఈ గుళికలెక్కడివి? కానీ పుస్తకం గుళికల్ని లెక్కపెట్టమనలేదు. కొలబద్ద పెట్టి చూసింది. సరిగ్గా అడుగు. ఒక్కటీ దొరకలేదు.

తమ్ముడు గుంటలోకి చెయ్యి పెట్టి అడుగున తడిమాడు. "అక్కా, ఇక్కడ కొంచెం చల్లగా ఉందే. ఇంకో జానెడు తవ్వుదాం. కింద తడి ఉంటుంది."

మేడమ్ సెల్‌ఫోన్‌లో ఏదో చూసుకుంటూ అటు తిరిగి నిలబడింది. అటు ఎందుకు తిరిగిందో పురుగులక్కకు అప్పుడు అర్థం కాలేదు. ఆమె చెవుల్లో ఒక్కటే మోగుతోంది. ఒకసారి తమ్ముడి కోసం పద్ధతి తప్పి వాడి కొంప ముంచింది. మళ్ళీ తప్పితే? లోతులో దొరికినవాటిని రాస్తే, రేపు ఎవడో కొలబద్దతో వచ్చి, ఇదీ దొంగలెక్కే అంటే?

"వద్దురా. అడుగు లోతు వరకే. ఇంకెప్పుడూ నేను పద్ధతి తప్పను," అంది.

తమ్ముడు గునపం కింద పెట్టాడు. అక్క మాట వాడు ఎప్పుడు కాదన్నాడు కనక?

పది రోజులకు మిషన్ వచ్చింది. మట్టి గీకే చోట దుమ్మును కొలిచే యంత్రం పెట్టడం, పాతిన బొత్తాలను ముందే ఏరి తీయడం మట్టి పరీక్షల ఆఫీసు పని, అంటే పురుగులక్క పనే. సెలవు పెట్టొచ్చు. తమ్ముడిని ఒక్కడినీ అక్కడ నిలబెట్టడం ఇష్టంలేక పెట్టలేదు. మరదలు రాలేదు, రానంది. తమ్ముడు గట్టుమీద చేతులు కట్టుకుని నిలబడి, మూడేళ్ళ ఆకులు మొదటి లారీలోకి వెళ్ళడం చూశాడు. నల్లటి మట్టి. డ్రైవరు కూడా, ఇంత మంచి మట్టిని పారబోయడమేంటండీ అన్నాడు, అంటూనే ఎత్తి పోశాడు.

రెండో లారీ సగం నిండుతుండగా తమ్ముడు ఉన్నట్టుండి గుంటలోకి దూకాడు. డ్రైవరు కేకలేశాడు. వాడు వినిపించుకోకుండా, మిషన్ కోసిన అంచు దగ్గర కూర్చుని రెండు చేతులతో మట్టిని గోకసాగాడు. కాసేపటికి దోసిలి పట్టుకుని, తూలుతూ గట్టెక్కి వచ్చాడు.

"అక్కా, ఇవేంటో చూడు."

దోసిట్లో బఠాణీ గింజలంత మట్టి ఉండలు. ఒక ఉండ పగిలి ఉంది. లోపల లేతగులాబీ రంగు వానపాము, తాడుముడిలా తనను తాను చుట్టుకుని పడుకుని ఉంది. పురుగులక్క వేలు తగలగానే ముడి కొంచెం వదులైంది, మళ్ళీ బిగిసింది.

"చచ్చాయా?" అన్నాడు.

"నిద్రరా. ఎండలకి ఇలా లోతుకి దిగి ముడుచుకుని పడుకుంటాయి. మళ్ళీ తడి తగిలేదాకా లేవవు." ఇది ఆమెకు తెలియని సంగతి కాదు. కొత్తగా చేరినవాళ్ళకు రెండో రోజు చెప్పే పాఠం.

"లెక్కపెట్టు."

"ఎందుకురా ఇప్పుడు..."

"లెక్కపెట్టక్కా!"

ఆమె లెక్కపెట్టింది. అలవాటైన చెయ్యి కాబట్టి తప్పుపోలేదు. పదకొండు.

"ఐదే కదా కావాలన్నారు?"

"ఐదే."

ఆమె మేడమ్‌కు ఫోన్ చేసింది. మేడమ్ అడిగిన మొదటి మాట, ఎంత లోతులో అని. ఆ రోజు ఆపిన చోటికి జానెడు కూడా కింద లేదు, అడుగున్నర లోపే అని చెప్పింది.  "ఆ రోజు నేను కావాలనే అటు తిరిగానక్కా," అంది మేడమ్. ఇప్పుడు ఆపించాలంటే కాగితం కావాలి, కాగితానికి పై సంతకం కావాలి, సంతకం పెట్టే మనిషి ఊళ్ళో లేడు, ఐనా ప్రయత్నిస్తానంది. ఈలోపు రెండో లారీ నిండింది. డ్రైవరు తన దగ్గరున్న ఆర్డరు కాగితం చూపించి, నా చేతుల్లో ఏముందమ్మా అన్నాడు. ఎవరి చేతుల్లోనూ ఏమీ లేదు, ఒక్క తమ్ముడి చేతుల్లో తప్ప.

"పోన్లే అక్కా, నువ్వేం చేస్తావు. పద్ధతి అలా ఉంది," అన్నాడు వాడు.

ఆ మాటతో ఆమెకు ఏడుపు ఆగలేదు. "కాదురా. నావల్లే. నీ దిమ్మలన్నీ నేనే రెండో వరసలో పెట్టాను. చీట్లు మార్చాను. ఆ వరసలో పెట్టకుండా ఉంటే..."

వాడు అయోమయంగా చూశాడు. "ఏ వరసే? దేని గురించి చెబుతున్నావు?"

ఆమె మళ్ళీ మొదటినుంచి చెప్పబోయింది. మిషన్ హోరులో సగం మాటలు వినబడలేదు, వినబడినవి వాడు వినలేదు. వాడి ధ్యాసంతా దోసిట్లోనే ఉంది. ఎండ నడినెత్తికి వచ్చింది. విరిగిన ఉండలోని వానపాము ఒళ్ళు అప్పుడే మెరుపు తగ్గి పొడిబారుతోంది.

"అదంతా తర్వాత చెబుదువుగాని. ముందు వీటికేదైనా చూడు, ఎండకి చచ్చిపోతాయి. నీ దగ్గర సీసాలుంటాయిగా?"

పురుగులక్క గబగబా సంచి తెరిచింది. సీసాలు పది దాకా ఉన్నాయి, శుభ్రంగా కడిగి, మూతలు బిగించి, ఎప్పటిలాగే ఇంటినుంచి సర్ది తెచ్చినవి. ఒకటి తీసింది, ఇంకొకటి తీసింది. వాడు దోసిలి పట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. అన్నిట్లోనూ స్పిరిట్టే ఉంది.